బేయా కుక్కకు తెలిసిన మాట

ఫిబ్రవరి 18

కుక్క వచ్చింది. నేను తెమ్మనలేదు. నన్నెవరూ అడగనూ లేదు.

మా అక్క బేయా వంటింట్లో పడిపోయిందట. పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టి ఆసుపత్రిలో చేర్చారట. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. ఫోనులో ఇదంతా చెప్పిన ఆవిడ చివర్న, "కుక్క నిన్నటి నుంచీ పెరట్లో ఒకటే ఏడుపమ్మా, నువ్వేగా చెల్లెలివి" అంది. మూడేళ్ళుగా ఆ ఇంటి గుమ్మం తొక్కని నేను ఇవాళ ఉన్నట్టుండి చెల్లెలినయ్యాను. నేను ఫోను పెట్టేసేసరికి మా ఆయన తీజానీ చొక్కా వేసుకుంటున్నాడు.

మధ్యాహ్నానికి దాన్ని వెంటేసుకుని మెట్లెక్కాడు. ఎర్రమట్టి రంగు, ఒక చెవి లేచి ఒక చెవి వాలి, వయసు రెండున్నరేళ్ళట. పేరు లూబియా. చిక్కుడు గింజల కూర పేరు కుక్కకు పెట్టడం బేయాకే చెల్లింది.

నడవలోకి వచ్చి వాసన చూస్తూ నిలబడింది. నిన్న తుడిచిన నేల. ఒళ్ళు మండిపోయింది. "బర్రా! పో బయటికి!" అని ఒక్క అరుపు అరిచాను. అది నా కళ్ళలోకి చూస్తూ, నింపాదిగా వెనక కాళ్ళు వంచి, నడవ మధ్యలో ఉచ్చ పోసింది.

కళ్ళలోకి చూస్తూ పోసింది. అది మర్చిపోను.

ఫిబ్రవరి 19

మళ్ళీ. సోఫా దగ్గర ఒకసారి, వంటింటి గడపలో ఒకసారి. బర్రా, బర్రా అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. సిగ్గూ లేదు, భయమూ లేదు దానికి.

ఫిబ్రవరి 20

పొద్దున్నే సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాను. మా హమ్మామ్ లీఫ్ ఊళ్ళో ఏ కుక్కకైనా ఆ ఒడ్డే మరుగుదొడ్డి. ఈ మహారాణి మాత్రం ప్రతి రాయినీ వాసన చూసింది, ప్రతి స్తంభాన్నీ చూసింది, అలలను చూసింది, నన్ను చూసింది. ఒక్క చుక్క పొయ్యలేదు. గాలికి నా తలగుడ్డ ఎగిరిపోయి, దాని వెనక నేను పరిగెత్తి, నలుగురూ నవ్వి, ఇంతా అయ్యి ఇంటికొచ్చాను.

తీజానీ ఇసుక చెప్పులతో నడవలోకి వస్తున్నాడు. "చెప్పులు బయట! బర్రా!" అన్నాను. చెప్పులైతే బయటికి పోయాయి. కుక్క మాత్రం అక్కడే పోసింది. పొద్దుటి నుంచి దాచుకున్నదంతా.

బకెట్టు, బ్లీచింగ్ నీళ్ళు, రబ్బరు కర్ర. తోసి తోసి బాల్కనీ తూము దాకా తీసుకెళ్ళాను. తూములోంచి పడ్డ నీళ్ళు తిన్నగా కింద మన్నూబియా హజ్జమ్మ ఆరేసిన దుప్పటి మీద పడ్డాయి. ఆవిడ ఈ ఇంటి యజమానురాలు. మక్కా వెళ్ళొచ్చినప్పటి నుంచీ నేల మీద నడవడం మానేసింది.

"నజీహా! నా తెల్ల దుప్పటి మీద మీ కుక్క నీళ్ళే! నమాజు చేసుకునే ఇల్లమ్మా ఇది!"

"కుక్క నీళ్ళు కాదు, కడిగిన నీళ్ళు. సగం బ్లీచింగే. మీ దుప్పటి ఇంకా తెల్లబడుద్ది పొండి."

"కుక్కున్న ఇంట్లోకి దేవదూతలు రారు, తెలుసా?"

"మీరొస్తున్నారుగా రోజూ. చాల్లెండి."

తలుపు వేశాక తీజానీ, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దంటారు" అన్నాడు.

"నీ నోరు మంచిదేగా. ఏ ఊరొచ్చి మన నేల కడిగింది?"

నవ్వాడు. ఈ మనిషికి కోపం రాదు. ఇద్దరి కోపమూ నేనే పడాలి.

ఫిబ్రవరి 22

ఆసుపత్రికి వెళ్ళాను. జనం ఏమైనా అనుకుంటారని వెళ్ళాను.

టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు మాట్లాడి బతికిన మనిషి బేయా. మూడు భాషల్లో మర్యాద, మూడు భాషల్లో తిట్లు. ఇప్పుడు మూతి ఒక పక్కకు జారిపోయి, జుట్టు దువ్వేవాళ్ళు లేక, చిన్న పిల్లంత అయిపోయి మంచం మీద ఉంది. నేను ఏడవలేదు. "కుక్క నా దగ్గరుంది. ఇల్లంతా ఉచ్చ పోస్తోంది" అని చెప్పాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గరేముంది?

నన్ను చూసింది. ఎడమ చెయ్యెత్తింది. బలం కూడగట్టుకుని, ముఖమంతా ఎర్రబడి అంది. "బర్రా."

ఏంటన్నాను.

"బర్రా! బర్రా!" తలుపు వైపు చెయ్యి ఊపుతూ.

పక్క మంచాల వాళ్ళందరూ చూశారు. తెచ్చిన నారింజలు బల్ల మీద పడేసి వచ్చేశాను.

మా దగ్గర ఆ మాటకు రెండు ముఖాలు. బిడ్డను బడికి పంపుతూ గుమ్మంలో నిలబడి "బర్రా నాన్నా, జాగ్రత్త" అంటాం. దొంగపిల్లిని చీపురు తిరగేసి తరుముతూనూ అదే అంటాం. గొంతును బట్టే తేడా. మా అమ్మ పోయిన నలభయ్యో రోజున బేయా గొంతు ఎలాంటిదో నాకు తెలుసు. అమ్మ ఆఖరి ఏడాది దాని దగ్గరే ఉంది. తెల్లవారుజామున పోయిన అమ్మ సంగతి నాకు మధ్యాహ్నం తెలిసింది. నేను వెళ్ళేసరికి స్నానం చేయించి, గుడ్డ చుట్టేసి ఉంచారు. నలభై రోజులు నోరు మూసుకున్నాను. ఆ రోజు అందరి ముందూ అడిగాను. ఆ పూట ఏం జరిగింది, నన్నెందుకు పిలవలేదు అని. బేయా లేచి తలుపు తెరిచి, "బర్రా, నజీహా" అంది.

మూడేళ్ళయింది. ఇవాళ మళ్ళీ అంది. వేల మాటలు పోయి, నాకోసం అదొక్కటి దాచిపెట్టుకుంది.

ఫిబ్రవరి 23

వెళ్ళను. చచ్చినా వెళ్ళను.

కుక్క మూడుసార్లు.

ఫిబ్రవరి 24

వెళ్ళాను. దువ్వెన అక్కడ ఎవరూ ఇవ్వరు కదా.

జుట్టు దువ్వుతుంటే "బర్రా" అంది. నీళ్ళు పడితే "బర్రా" అంది. నేను దువ్వెన విసిరేయబోతుంటే మాటలు నేర్పే డాక్టరమ్మాయి వచ్చింది. చిన్న పిల్ల, కళ్ళద్దాలు.

"ఆంటీ, కోపం తెచ్చుకోకండి. ఆవిడకి మిగిలింది ఆ ఒక్క మాటే. నీళ్ళు కావాలన్నా అదే, నొప్పన్నా అదే. పొద్దున నన్ను మెచ్చుకుంది కూడా, అదే మాటతో."

"ఇన్ని మాటలుండగా ఇదే దొరికిందా మిగలడానికి?"

"రోజూ బాగా అలవాటైన మాటే ఒక్కోసారి మిగులుద్ది. మీరు మాట్లాడిస్తూ ఉండండి. ఈ మాట వాడుతుంటేనే దీని పక్కన ఇంకోటి మొలుస్తుంది. నోరు మూసేసుకుందంటే మటుకు ఇదీ పోద్ది."

రోజూ అలవాటా! ఒంటరిగా ఉండే మనిషి రోజూ ఎవర్ని పొమ్మంటుంది? మనసులో నన్నే తరుముతూ ఉండి ఉంటుంది, మూడేళ్ళూ.

ఫిబ్రవరి 27

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కడుపు నొక్కాడు, పళ్ళు చూశాడు. రోగం ఏమీ లేదట.

"పెద్ద కుక్కకి నేర్పడం కష్టమేం కాదమ్మా, ఓపిక కావాలంతే. తిన్నాక, నిద్ర లేచాక బయటికి తీసుకెళ్ళండి. బయట పోస్తే మెచ్చుకోండి. లోపల పోస్తే తిట్టకండి, నోరెత్తకండి. ఏంటి, బ్లీచింగ్‌తో కడుగుతున్నారా? ఆ ఘాటు దానికి ఉచ్చ వాసనలాగే ఉంటుంది, ఇక్కడే పొయ్యమని మీరే పిలుస్తున్నట్టు. వెనిగర్ వాడండి."

మా అమ్మ, వాళ్ళమ్మ, ఈ వీధి వీధంతా బ్లీచింగ్‌తోనే కడిగారు. ఇప్పుడు ఊరగాయ వాసన కొట్టే ఇంట్లో ఉండాలి.

తిట్టకూడదంటే నాకు ఊపిరాడదని తీజానీ డాక్టరుతో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఫిబ్రవరి 28

నోరు కుట్టుకున్నాను. వెనిగర్‌తో కడిగాను. నేల పొడిగా ఉంది! ఉదయం నుంచి ఒక్క చుక్క లేదు. వెనిగర్ గొప్ప వస్తువు.

బయట కూడా ఒక్క చుక్క లేదు. తీజానీ మాత్రం ఒడ్డున దాని ముందు గొంతుక్కూర్చుని "పొయ్యి తల్లీ, పొయ్యి బంగారం" అని బతిమాలుతున్నాడు. చేపలవాళ్ళు పనులాపి చూశారు.

సాయంత్రం అతను రేడియోలో బంతాట పెట్టి ఇల్లెగిరిపోయేట్టు కేకలేశాడు. "నెత్తి పగిలిపోతోంది, ఆ రేడియో తీసుకుని బర్రా!" అన్నాను. అంతే. గది నిండా వరద. రోజంతా ఆపుకున్నది మరి.

వెనిగరూ లేదు, గినిగరూ లేదు.

మార్చి 2

మన్నూబియా హజ్జమ్మ పైకొచ్చింది. కూర్చోలేదు. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడే మాట్లాడింది.

"శుక్రవారం దాకా చూస్తా. ఈలోపు కుక్కన్నా పోవాలి, మీరన్నా పోవాలి. పదిహేనేళ్ళ నుంచి ఉంటున్నారని ఇన్నాళ్ళూ ఊరుకున్నా."

ఎన్ని మాటలు నోటిదాకా వచ్చాయో. ఒక్కటీ అనలేదు. ఈ వయసులో ఇల్లు వెతుక్కునే ఓపిక మాకు లేదు. తీజానీ పెదనాన్న కొడుక్కి జగ్వాన్‌లో ఆలివ్ తోట ఉంది. కాపలాకు కట్టేసుకుంటానన్నాడు. శుక్రవారం బండి తెస్తాడు.

మంచిదే. నాకేమీ బాధ లేదు. దాని కుక్క, దాని ఉచ్చ. నాకెందుకు?

"అత్త మీద కోపం దుత్త మీదంటే ఇదే" అన్నాడు తీజానీ. అతనికి అన్నం నేను పెట్టలేదు. తనే పెట్టుకున్నాడు, దానికీ పెట్టాడు.

మార్చి 3

బేయాకు చెప్పలేదు. ఏమని చెప్పను? వెళ్ళినంతసేపూ చెయ్యి కిందికి చాపి, మంచం పక్కన గాలిని నిమురుతూ ఉంది. కుక్క ఎత్తుకు సరిగ్గా.

చూడనట్టు ఊరుకున్నాను.

మార్చి 5



ఒడ్డున నడుస్తున్నాం. ఒకడు కారు తలుపు తెరుచుకుని, కాళ్ళు బయట పెట్టి, చెప్పులు విప్పేసి కాఫీ తాగుతున్నాడు. నన్నూ కుక్కనూ చూసి పళ్ళికిలించాడు.

"ఏం పిన్నిగారూ, ఇంట్లో ఆయన్ని తిప్పడం అయిపోయిందా? ఇప్పుడు దీన్ని తిప్పుతున్నావా?"

"నీ కాఫీ నువ్వు తాగు. తోక లేదు గానీ దీనికంటే నువ్వే ఎక్కువ మొరుగుతున్నావు. బర్రా!"

లూబియా ఠక్కున ఆగింది. రెండడుగులు వేసి, అతని చెప్పుల మీద కాళ్ళు వంచి పోసింది. నా కళ్ళలోకి చూస్తూనే. పోయడం అయ్యాక తోకాడించింది. మెప్పు కోసం చూస్తోంది!

వాడు కేకలు వేస్తున్నాడు. నాకేమీ వినపడలేదు. దాన్ని కాస్త పక్కకు లాక్కెళ్ళి, మెల్లిగా, నా గొంతు నాకే వినపడనట్టు, "బర్రా" అన్నాను. మళ్ళీ కాళ్ళు వంచింది. రెండు చుక్కలు వచ్చాయి. పాపం, అంతే ఉంది దాని దగ్గర.

అక్కడే రాయి మీద కూలబడ్డాను. నడవలో అరిచాను, పోసింది. సోఫా దగ్గర అరిచాను, పోసింది. తీజానీ చెప్పుల మీద అరిచాను, రేడియో మీద అరిచాను, పోసింది. అరవని రోజు పొట్ట పగిలేట్టున్నా పొయ్యలేదు. బేయా రోజూ పెరటి తలుపు తీసి అనే మాట అదే. ఇన్నాళ్ళూ నా ఇంట్లో చెప్పిన మాట విన్నది ఇదొక్కటే. దీన్నే నేను తోటలో గొలుసు వేసి కట్టించబోయాను.

నవ్వు రాలేదు. పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మార్చి 6

నేరుగా ఆసుపత్రికి వెళ్ళి అడిగాను.

"నేను మొదటిసారి ఇక్కడికొచ్చిన రోజు నువ్వు చెప్పింది కుక్క సంగతేనా? ఆ మాటంటే పోస్తుందనేనా?"

"బర్రా!" తల ఊపింది. కళ్ళు మెరిశాయి.

"లేకపోతే నన్నే పొమ్మన్నావా?"

"బర్రా." దానికీ తల ఊపింది.

"ఏదో ఒకటి చెప్పి చావు అక్కా!"

"బర్రా, బర్రా" అని ఎడమ చేత్తో పరుపును చరిచింది. నవ్విందో ఏడ్చిందో ఆ వంకర మూతిలో తెలియలేదు. అక్కా అని పిలిచినట్టున్నాను. మూడేళ్ళలో మొదటిసారి. కోపంలో నోరు జారింది.

మార్చి 8

శుక్రవారం. జగ్వాన్ నుంచి బండి వచ్చింది. వచ్చినాయనకు భోజనానికి కుస్కుసు పెట్టి, వెనక్కి పంపేశాం. హజ్జమ్మ పైకి వచ్చి గదిగదీ వాసన చూసింది. తప్పు దొరక్క, వెనిగర్ వాసన బాలేదని చెప్పి దిగిపోయింది.

మార్చి 12

ఇల్లు పొడిగా ఉంది. పొద్దున ఒడ్డున మాట చెప్పడం, అది పోయడం, మెచ్చుకోవడం, ఇంటికి రావడం. ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రాకూడదని నియమం పెట్టాను. తీజానీని తిట్టడానికి వేరే మాటలు వెతుక్కోవలసి వస్తోంది. ఉన్నవి చాలడం లేదు.

మార్చి 15

బేయాను ఇంటికి పంపించారు. ఏ ఇంటికి? ఒక్కతీ ఉండలేదట, ఎవరైనా చూసుకోవాలట. కొన్నాళ్ళకే అని చెప్పి తీసుకొచ్చాం. ఎత్తుకుని మెట్లెక్కించిన తీజానీ నడుం పట్టుకుని కూర్చున్నాడు.

తలుపు తీయగానే కుక్కకు పిచ్చెత్తింది. ఏడ్చింది, గెంతింది, చక్రాల కుర్చీ చుట్టూ తిరిగింది. బేయా ఒంటి చేత్తో దాని మెడ వాటేసుకుని, ముఖం ముఖానికి ఆనించి, ఎంత ముద్దుగా అందో! "బర్రా, బర్రా, బర్రా..."

మంచి గది. మంచి తివాచీ. మూడుసార్లు.

ఈ సంగతి నాకు ముందే ఎందుకు తట్టలేదు?

మార్చి 16

పొద్దున కాఫీ అడిగింది. నడవ.

మందు చేదుగా ఉందంది. గది.

తీజానీకి సలాం చెప్పింది. అతని చెప్పులు.

మార్చి 17

కుక్కకు కొత్త మాట నేర్పాలి. పాతది మరిపించాలి. ఏం మాట పెడదామంటే తీజానీ, "మన్నూబియా" అన్నాడు. "మన్నూబియా అనగానే పోస్తుంది. ఊరంతా హాయిగా పిలుచుకుంటా తిరగొచ్చు."

నవ్వాను. ఎన్నాళ్ళకో. నవ్వినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

చివరికి "మతర్" అని ఖాయం చేశాం. వాన పేరు పెడితే అది తొందరగా కురుస్తుందని ఆయన వాదన. ఒడ్డున అది కాళ్ళు వంచినప్పుడల్లా మతర్, మతర్ అంటున్నాం. నేర్చుకుంటోంది. కానీ పాతది మర్చిపోవడం లేదు. కొత్తది నేర్పడానికి తిండి ముక్క చాలు, పాతది మరిపించడానికి ఏం పెట్టాలో ఎవరూ చెప్పరు.

మార్చి 20

బేయా నిన్న పొద్దుటి నుంచి నోరు విప్పలేదు.

నిన్న నేను మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ తోముతున్నాను. వేళ్ళు వెనిగర్‌కు మండుతున్నాయి, నడుం పడిపోతోంది, బహుశా కళ్ళు కూడా తుడుచుకున్నాను. తలెత్తితే నన్నే చూస్తోంది. కుక్కను చూసింది, తడిని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. అప్పుడు అర్థమైంది బేయాకు. పెదాలు బిగించింది.

అంతే. అడిగితే తల ఊపుతుంది, చెయ్యి చూపిస్తుంది, నోరు మాత్రం తెరవదు.

ఇల్లు పొడిగా ఉంది. హజ్జమ్మ సంతోషంగా ఉంది. నాకే ఒళ్ళు మండుతోంది. ఎవరడిగారు ఈ త్యాగం? మూడు భాషలు పోయినా పొగరు ఒక్క పిసరు పోలేదు. నాకు ఉపకారం చేస్తోందట, ఉపకారం!

మార్చి 21

మాటలు నేర్పే అమ్మాయి ఇంటికి వచ్చింది. బొమ్మలు చూపించింది, పాట పాడింది, బతిమాలింది. బేయా గోడ వైపు తిరిగి కూర్చుంది.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆ అమ్మాయి మెల్లిగా చెప్పింది. "ఇది మంచిది కాదు ఆంటీ. ఆ మాట ఒక్కటే దారి. మూసేస్తే నేను మళ్ళీ తెరవలేను. కుక్కను కొన్నాళ్ళు ఎక్కడికన్నా పంపండి."

మార్చి 22

తీజానీ కూడా నెమ్మదిగా అన్నాడు. "మనిషి కావాలా, కుక్క కావాలా నజీహా? జగ్వాన్‌కి ఫోను చేస్తా."

"చెయ్యి" అన్నాను.

ఆదివారం బండి వస్తుంది. అప్పటిదాకా ఉండమని కుక్కను బాల్కనీలో పెట్టి తలుపు వేశాను. బేయా కుర్చీని తనే ఒంటి చేత్తో తోసుకుంటూ వెళ్ళి అద్దానికి ఆనుకుని కూర్చుంది. అటువైపు అది, ఇటువైపు ఇది. అన్నం పెడితే చెంచా విసిరికొట్టింది. ఇప్పుడైనా అను, కుక్క బయటుంది, తిట్టు నన్ను అన్నాను. అనలేదు.

కుక్క ఉంటే నా నేల కోసం మాట్లాడదు. కుక్క పోతే కుక్క కోసం మాట్లాడదు. ఎటు చూసినా నోరు మూసుకోవడమే. అమ్మ విషయంలోనూ ఇంతే చేసింది.

మార్చి 24

ఆదివారం. అంతా రాయాలి.

పొద్దున లేవగానే జగ్వాన్‌కు నేనే ఫోను చేసి రావద్దన్నాను. తీజానీ నోరు తెరిచాడు. "ఒక్క మాటన్నావంటే నిన్ను పంపిస్తా తోటకి" అన్నాను. తివాచీలు చుట్టి మంచాల మీదికి ఎక్కించాను. గది మధ్యలో బకెట్టు, గుడ్డలు, రబ్బరు కర్ర, వెనిగర్ సీసాలు పెట్టాను. బాల్కనీ తలుపు తీశాను. కుక్క పరిగెత్తుకొచ్చి బేయా ఒళ్ళో తల పెట్టింది. నేను ఎదురుగా బల్ల లాక్కుని కూర్చున్నాను.

"అను" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"నా నేల గురించి నీకెందుకే? నేల నాది, నడుం నాది, నేను తుడుచుకుంటా. అను!"

పెదాలు బిగించింది. నాకు ఇంక ఆగలేదు.

"నలభయ్యో రోజున గుమ్మంలో నిలబెట్టి అన్నావే, నీకప్పుడు అన్ని మాటలూ ఉన్నాయి! అమ్మ ఎట్లా పోయిందో చెప్పడానికి మూడు భాషలున్నాయి నీకు! అవన్నీ వదిలేసి ఆ ఒక్కటే నా ముఖాన కొట్టావు. ఇప్పుడు ఆ ఒక్కటే మిగిలింది. అదీ మింగేస్తావా? నాకేం మిగులుద్ది అక్కా? ఎవర్నడగను నేను? నువ్వు కూడా నోరు మూసుకుంటే అమ్మ సంగతి నాకెవరు చెప్తారు? తిట్టు నన్ను. తరిమెయ్యి. దాన్ని ఇల్లంతా పొయ్యనీ. ఏదో ఒకటి అను!"

అరుస్తున్నానని తెలుసు. ఏడుస్తున్నానని తీజానీ గుడ్డ తెచ్చి ఇచ్చేదాకా తెలియలేదు.

బేయా నోరు తెరిచింది. చాలాసేపు ప్రయత్నించింది. అయిదు రోజులు మూసిన నోరు, మాట రాలేదు. గాలి మాత్రమే వచ్చింది. ఆ ఒక్క మాటా పోయిందనుకున్నాను.

"బ... బర్రా."

లూబియా ఒళ్ళోంచి తల తీసి, రెండడుగులు నడిచి, పోసింది. నేను లేచి తుడిచాను. మళ్ళీ కూర్చున్నాను.

"ఇంకా."

"బర్రా." పోసింది. తుడిచాను.

"ఆపొద్దు. చెప్పు."

చెప్పింది. అది పోసింది. కింద నుంచి హజ్జమ్మ కర్రతో పైకప్పును పొడిచింది. తీజానీ కిందికి దిగి వెళ్ళాడు, ఆవిడకు ఏం చెప్పాడో ఏమో, కర్ర ఆగింది. బేయా అంటోంది, కుక్క కాళ్ళు వంచుతోంది, నేను తుడుస్తున్నాను. చివరికి దాని పొట్టలో ఏమీ మిగల్లేదు. మాట వినగానే వంగుతుంది, చుక్క రాదు. లేచి తన వెనక్కి తను చూసుకుంటుంది, వచ్చి తోకాడిస్తుంది. మెచ్చుకునేవాళ్ళు లేరు. మళ్ళీ మాట, మళ్ళీ వంగడం, మళ్ళీ ఏమీ లేదు. మధ్యాహ్నానికి దానికి విసుగొచ్చింది. బేయా "బర్రా" అంటే చెవి ఒకటి లేపి చూసి, కుర్చీ కింద పడుకుంది.

రేపు నీళ్ళు తాగుతుంది, మళ్ళీ పోస్తుంది. నేను మళ్ళీ తుడుస్తాను. అది మర్చిపోయేదాకా ఇదే పని. హజ్జమ్మ పొమ్మంటే, పోదామని తీజానీ తనే అన్నాడు.

బేయా ఆపలేదు. నేను గుడ్డలు పిండి వచ్చేసరికి కూడా చెబుతూనే ఉంది. తిట్టు కాదది. ఒకే మాట, కానీ ఒక చోట మెల్లిగా, ఒక చోట గబగబా, ఒక చోట అడుగుతున్నట్టు. చేత్తో సైగలు కూడా కలిపింది. లేని తలగడ సర్దింది. ఎవరికో నీళ్ళు పట్టింది. కిటికీ వైపు చూపించింది, తెల్లవారిందని కాబోలు. అప్పటికి నాకు తెలిసింది, బేయా చెబుతోంది అమ్మ పోయిన రోజు సంగతని. మధ్యలో ఎడమ చేతిని చెవి దగ్గర పెట్టుకుంది, ఫోను పట్టుకున్నట్టు. పెట్టుకుని, చాలాసేపు ఉంచి, దించేసింది. నాకు చేసిందా, చెయ్యబోయి మానేసిందా? ఆగు, అక్కడ ఆగు, ఎవరికి చేశావు అని అడిగాను. "బర్రా" అంది, నీళ్ళు నిండిన కళ్ళతో, ఇంత స్పష్టంగా చెప్పినా తెలియడం లేదా అన్నట్టు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కోపం పోలేదు. రేపు మొదటి నుంచీ మళ్ళీ చెప్పమన్నాను.